సవరణ: తెల్లమచ్చ అంటే క్యాన్సర్ అని కాదు

పలమనేరు వైపు పల్లెల్లో పనిచేసే ఒక నర్సమ్మ గురించి గత వారం రాశాను. ఇద్దరు పిల్లల తల్లి. డ్యూటీ దిగాక కూడా ఆడవాళ్లను కూర్చోబెట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి ఓపిగ్గా చెబుతారు. ‘పరీక్షలో తెల్లమచ్చ కనిపిస్తే క్యాన్సర్ ఉన్నట్లే’ అని ఆమె మాటగా రాశాను. అది తప్పు. ఆమె అలా అనలేదు, నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను.

ఆమె ఫోను చేసి సరిదిద్దారు. ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణ పుస్తకంలోనూ చూశాను. ఈ పరీక్షలో 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్ లాంటి ద్రావణాన్ని, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాల్లో మార్పు ఉన్నచోట తెల్లబడుతుంది. ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నా తెల్లబడవచ్చు. క్యాన్సర్‌కు ముందు దశ కూడా కావచ్చు, ఆ దశలో చికిత్స తేలిక. క్యాన్సరా కాదా అన్నది బయాప్సీలోనే, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలోనే, తేలుతుంది.

నా వాక్యం చదివి భయపడి, చంద్రగిరి నుంచి ఒకామె తిరుపతికి పరీక్షకు రావడం మానుకున్నారట. అది విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఆమెకు నర్సమ్మే మళ్లీ నచ్చజెప్పారు.

మరో మాట. నర్సమ్మకే క్యాన్సర్ వచ్చిందని కొందరు అనుకున్నారు. జబ్బు చేసింది ఆమె అత్తగారికి.

కేంద్ర ప్రభుత్వ 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఈ పరీక్ష అయిదేళ్లకోసారి చేయాలి. ఈ క్యాన్సర్ రాకుండా వేసే టీకా వేయించుకున్నవారికీ పరీక్ష అవసరమే. పాత పోస్టులో తెల్లమచ్చ గురించి రాసిన ఆ వాక్యం తీసేశాను.