చెల్లని చదువు

(పండగ ముందు అటక దులుపుతుంటే ఆవకాయ జాడీ ఒకటి దిగింది. ఆవకాయైతే అంత బరువుండదు.)

కామేశ్వరి: ఏమండీ, ఇందులో ఏం దాచారు? నా నడుం పడిపోయింది!

సుబ్బారావు: పది రూపాయల బిళ్ళలు. చెల్లనివి. అక్కడ పెట్టెయ్.

కామేశ్వరి: చెల్లవని ఎవరన్నారు?

సుబ్బారావు: ఎవరో అనడమేమిటి, పేపర్లో వేశారు. ఈ కళ్ళతోనే చదివాను. జాడీ కింద పరిచింది ఆ కాయితమే.

కామేశ్వరి: (దుమ్ము దులిపి) 2018 జనవరి. ఏదీ, పైకి చదవండి.

సుబ్బారావు: "పది రూపాయల నాణేలు చెల్లవ..." చూశావా!

కామేశ్వరి: అక్కడే ఆగారేం? వాక్యం అయిపోలేదుగా.

సుబ్బారావు: మిగతాదంతా మామూలేలే.

కామేశ్వరి: ఆ మామూలే చదవండి.

సుబ్బారావు: "...చెల్లవంటూ సాగుతున్న ప్రచారాన్ని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు..." (కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పు కళ్ళజోడుదే కావచ్చని చివరి ఆశ.) ఈ ముక్క అప్పుడు లేదే!

కామేశ్వరి: అటక మీద మొలిచిందా? తెలుగులో అసలు సంగతి వాక్యం చివర కూర్చుంటుంది. మీరు మధ్య స్టాపులోనే దిగిపోయారు.

సుబ్బారావు: కిరాణా కొట్టువాడు ముందే చెప్పాడు మరి. రూపాయి గుర్తు లేకపోతే దొంగదట. గీతలు పదుంటే మంచిదట, పదిహేనుంటే...

కామేశ్వరి: రూపాయి గుర్తు బిళ్ళల మీదకి ఎక్కిందే 2011లో. అంతకుముందు కొట్టినవాటి మీద ఎలా ఉంటుంది? ఇదిగో, కింద రాశారు, అప్పటికి 14 డిజైన్లు వచ్చాయనీ అన్నీ చెల్లుతాయనీ. మీరు పేపరు చదవలేదు. కొట్టువాడి మాట పేపర్లో దొరుకుతుందేమోనని వెతికారు. రెండో లైన్లోనే దొరికింది, మడిచేశారు.

సుబ్బారావు: అంటే నాకు చదవడం రాదంటావు.

కామేశ్వరి: అందరికీ అంతే లెండి. అమ్మాయి సైకాలజీ పుస్తకంలో ఉంది. 1994లో అమెరికాలో జాన్సన్, సైఫర్ట్ అని ఇద్దరు ఒక కథ చదివించారు. వినండి. ఒక గోడౌన్ తగలబడింది. అక్కడ చిన్న గది ఒకటి, షార్ట్ సర్క్యూట్ అయింది దాని వైర్లలోనే. అందులో ఆయిల్ పెయింట్ డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ముందు వార్త. తర్వాత, కాదు, ఆ గది ఖాళీ అని తేల్చారు.

సుబ్బారావు: ఖాళీ. అర్థమైంది. ఇందులో ఏముంది?

కామేశ్వరి: మరి అంత పొగ ఎందుకొచ్చిందంటారు?

సుబ్బారావు: ఆయిల్ పెయింట్ కాలితే పొగ రాదా ఏమిటి?

(వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇద్దరూ లేవలేదు.)

కామేశ్వరి: గది ఖాళీ అన్నానా?

సుబ్బారావు: అన్నావు.

కామేశ్వరి: విన్నారా?

సుబ్బారావు: విన్నానే. మరి పొగ ఎక్కడిది?

కామేశ్వరి: ఆ కథ చదివినవాళ్ళూ ఇంతే. గది ఖాళీ అన్న ముక్క గుర్తుంది. పొగ ఎందుకంటే మాత్రం పెయింటే! ఇంకో కారణమేదో చేతిలో పెట్టేదాకా పాతది వదలదట.

సుబ్బారావు: (పౌరుషంగా) సరే, నేనూ ఒకటి అడుగుతాను. లక్ష్మణుడిచ్చిన ఉంగరాన్ని హనుమంతుడు సీతమ్మకి ఏ చెట్టు కింద ఇచ్చాడు?

కామేశ్వరి: అశోక చెట్టంటాననుకున్నారా? శింశుపా వృక్షం! ఏటా సుందరకాండ పారాయణ చేసేదాన్ని, నాకా పరీక్ష?

సుబ్బారావు: ఉంగరం ఎవరిచ్చారు?

కామేశ్వరి: లక్ష్మ... 

సుబ్బారావు: ఏటా పారాయణ!

కామేశ్వరి: రాముడని తెలుసండీ! మీరేదో గబుక్కున కలిపేసి అడిగితే...

సుబ్బారావు: రావణుడిచ్చిన ఉంగరం అని ఉంటే లేచి నిలబడేదానివి. అన్నదమ్ములే కదా అని వదిలేశావు. చెట్టు దగ్గర మాత్రం మహా జాగ్రత్త!

(ఆమె జవాబు వెతుక్కుంటుండగా వీధిలో కూరల బండి కేక. దేవుడిలాంటి కేక. ఆమె చటుక్కున బయటికి నడిచి వంకాయలు, ఓ కట్ట తోటకూర తీసుకుని నోటిచ్చింది. అబ్బాయి చిల్లర కింద రెండు పది రూపాయల బిళ్ళలు చేతిలో పెట్టాడు.)

కామేశ్వరి: నోట్లు లేవా బాబూ?

(గుమ్మంలో దగ్గు వినిపించింది.)

కామేశ్వరి: (వెనక్కి తిరక్కుండా) చెల్లుతాయని నాకు తెలుసండీ! రేపు పాలబ్బాయికి తెలియాలిగా!

కూరలబ్బాయి: అందరూ ఇదేనమ్మా. ఇచ్చేవాళ్ళే గానీ పుచ్చుకునేవాళ్ళు లేరు.

(సుబ్బారావు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి జాడీ తెచ్చి, మూత తీసి పట్టుకున్నాడు.)