పట్టేసిన భుజం, పట్టించుకోని కార్డు

నాకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. అందులో ఫిజియోథెరపీ కూడా ఉంది, అదీ చిన్న అక్షరాల్లో దాక్కుని కాదు, శీర్షిక పెట్టుకుని మరీ. మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఫిజియోథెరపిస్టులూ ఉన్నారు. లేనిదల్లా ఆ బీమాకీ ఈ ఫిజియోథెరపిస్టులకీ మధ్య పరిచయమే.

ఇద్దరూ నిన్న మొన్న పుట్టినవాళ్లు కారు. వ్యాయామంతో వైద్యం చేయొచ్చని స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లోనే స్టాక్‌హోమ్‌లో సంస్థ పెట్టాడు. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. 1894లో బ్రిటన్‌లో నలుగురు నర్సులు పెట్టుకున్న సంఘమే తర్వాత అక్కడి ఫిజియోథెరపిస్టుల సంఘమైంది. ఇంత వయసున్న పెద్దలు పరిచయాల విషయంలో తొందరపడరని అర్థం చేసుకోవాలి.

నా కుడి భుజం పట్టేసింది. డాక్టరుగారు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇప్పుడు చొక్కా వేసుకోవాలంటే ముందు కుడి చేతికి తొడిగి, ఆ తర్వాత మిగతా మనిషిని మెల్లగా అందులోకి దూర్చాలి. ఫిజియోథెరపీకి చీటీ రాసిచ్చి, "మీ బీమావాళ్ల జాబితా చూసుకోండి, దగ్గర్లో ఎవరో ఒకరు ఉంటారు" అన్నారు. ఉన్నారు. పదిహేడు మంది ఉన్నారు.

ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి నంబరు ఎవరి ఇంటికో వెళ్లింది. "ఆ డాక్టరుగారు ఖాళీ చేసి చాలా కాలమైందండీ. మీలాంటివాళ్లు రోజూ చేస్తుంటారు కాబట్టి ఆయన్ని మర్చిపోలేకపోతున్నాం" అందావిడ. రెండోవారు పసిపిల్లలకే చూస్తారట. మూడు, నాలుగు, అయిదు నంబర్లలో పలికిన గొంతు ఒక్కటే. ఒకే మనిషి మూడు చిరునామాల్లో ముగ్గురిగా లెక్కకెక్కాడు. జాబితా బలంగా కనబడాలంటే ఇంతకన్నా చవకైన వ్యాయామం లేదు.

ఆరో నంబరులో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "మీ బీమా కార్డు తీసుకుంటామండీ. ఆ కార్డు ఉన్న కొత్త పేషెంట్లనే తీసుకోవడం లేదు." అయితే కార్డు ఒక్కదాన్నే పంపించమంటారా అని అడిగాను. హోల్డ్‌లో పెట్టింది. ఆ సంగీతం నాకిప్పుడు కంఠతా వచ్చు.

ఏడో నంబరాయన స్వయంగా ఫోనెత్తి, దాచకుండా చెప్పారు. అరగంట సేపు చేతులరిగేలా పనిచేస్తే బీమావాళ్లిచ్చేది తక్కువ, వచ్చేది ఆలస్యం. కొన్ని సెషన్లు కాగానే మళ్లీ అనుమతి అడగాలి. చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోందో గోనియోమీటరుతో కొలిచి ఫారం నింపాలి. "లేచిందనుకోండి, బాగుపడ్డాడు కాబట్టి ఇక అక్కర్లేదంటారు. లేవలేదనుకోండి, ఉపయోగం లేదు కాబట్టి ఇక అక్కర్లేదంటారు. ఎంత లేపాలో మాకే అర్థం కాదు సార్" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు.

చివరికి ఒకచోట వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకున్నారు. ముందు ఎంతమంది ఉన్నారంటే చెప్పలేమన్నారు. ప్రపంచంలో దాదాపు 240 కోట్ల మందికి రిహాబిలిటేషన్‌తో, అంటే ఫిజియోథెరపీ లాంటి పునరావాస వైద్యంతో, మేలు జరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంఖ్యనే నా టోకెన్ నంబరుగా భావించి స్థిమితపడ్డాను.

ఆలోచిస్తే ఈ ఏర్పాటులో లోతైన వైద్య జ్ఞానం ఉంది. ఈ జబ్బుకి మూడు దశలు: నొప్పి పెరిగేది, బిగుసుకుపోయేది, మెల్లగా వదిలేది. చాలామందికి మూడూ గడవడానికి ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. వెయిటింగ్ లిస్టుకీ అవే దశలు. మొదట నొప్పి, తర్వాత బిగింపు, ఆపైన ఆశ వదలడం. రెండూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి పేషెంటు దానంతటదే బాగైన రోజుకి అపాయింట్‌మెంట్ సిద్ధంగా ఉంటుంది.

ఈ సిద్ధాంతానికి అడ్డొచ్చేది మా పక్కింటాయన మోకాలు ఒక్కటే. కీలు మార్పిడి చేశారు. ఆ ఆపరేషన్ అయ్యాక మొదటి వారాల్లో వంచి, చాచి, నడిపించకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. అదేమో వెయిటింగ్ లిస్టు కోసం ఆగే రకం కాదు. అంత పెద్ద ఆపరేషన్‌కి బీమా కిమ్మనకుండా డబ్బు కట్టింది. కొత్త మోకాలిచ్చింది కానీ, దాన్ని వంచే మనిషిని ఇవ్వలేదు. వాళ్లమ్మాయి ఫోన్‌ని దిండుకి ఆనించి, వీడియో చూస్తూ వంచుతోంది. నొప్పి పుట్టిన ప్రతిసారీ ఆయన అరుస్తారు, ఆ పిల్ల వీడియో ఆపి వెనక్కి జరిపి మళ్లీ చూస్తుంది, తప్పెక్కడ జరిగిందోనని. "మీకెవరైనా దొరికారా?" అని ఆయన గోడ అవతల నుంచి అడుగుతుంటారు. కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చెయ్యే ఊపి, లేదంటాను.

నిన్న ఫోనొచ్చింది. నా వంతు వచ్చిందట.

"ఏ భుజం సార్?"

"కుడిదమ్మా. కానీ అది ఈమధ్యే వదులైంది. ఇన్ని నెలలు ఫోన్ పట్టుకున్న ఎడమది పట్టేసింది. దాన్ని చూస్తారా?"

కాగితాలు తిరగేసిన చప్పుడు.

"కుడిదానికి రాసిన చీటీ ఎడమదానికి చెల్లదండీ. కొత్తది తెచ్చుకోండి, లిస్టులో రాసుకుంటాం."