కౌన్సెలింగ్ సైకాలజీకి పుట్టిల్లు ఏది?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "ఫ్రాయిడ్ చికిత్సను పలచన చేస్తే వచ్చిందే కౌన్సెలింగ్ సైకాలజీ. దాన్ని 1942లో కార్ల్ రోజర్స్ మొదలుపెట్టాడు. క్లినికల్ సైకాలజీ నుంచి చీలి చిన్నాచితకా సమస్యలకు పరిమితమైంది."

మానసిక రోగులకు మనోవిశ్లేషణ చికిత్స చేసిన ఫ్రాయిడ్ సంగతి ముందు. ఈ వృత్తి రోగుల దగ్గర మొదలుకాలేదు, ఏ పనిలో చేరాలో తేల్చుకోలేని కుర్రాళ్ల దగ్గర మొదలైంది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అమెరికాలోని బోస్టన్‌లో ఉద్యోగ మార్గదర్శక కేంద్రం తెరిచాడు. ఆయన పద్ధతిలో మూడు పనులు: తన శక్తులు, ఇష్టాలు, లోపాలు తెలుసుకోవడం, ఒక్కో వృత్తికి ఏం కావాలో, ఏం దక్కుతుందో తెలుసుకోవడం, ఆ రెంటినీ బేరీజు వేసుకోవడం. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం వాడిన సామూహిక ప్రజ్ఞా పరీక్షలు, 1927లో ఎడ్వర్డ్ స్ట్రాంగ్ రూపొందించిన అభిరుచుల పరీక్ష దీనికి కొలమానాలు సమకూర్చాయి. అమెరికాలోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విలియమ్సన్ అనే మనస్తత్వవేత్త 1939లో దీన్నే ఆరు దశలు చేశాడు: విశ్లేషణ, సంశ్లేషణ, నిర్ధారణ, భవిష్యత్ అంచనా, కౌన్సెలింగ్, ఆ తర్వాతి ఆరా. ఇందులో ఫ్రాయిడ్ జాడేదీ?

అమెరికన్ మనస్తత్వవేత్త రోజర్స్ అడుగుపెట్టేసరికే ఇల్లు కట్టి ఉంది. ఆయన తగాదా పడింది ఆ నిర్ధారణ, సలహా దశలతోనే. పరీక్ష ఫలితం ఎంత సరైనదైనా, నిర్ణయం కౌన్సెలర్‌దైతే వచ్చినవాడు దాన్ని సొంతం చేసుకోడు. 1942 పుస్తకంలో ఎనిమిది సంభాషణల రికార్డింగులను మాట పొల్లుపోకుండా అచ్చువేశాడు. గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్లు పరిశీలించే వీలు కలిగింది. నా దృష్టిలో ఆయన పెద్ద ఘనత అదే. అంతమాత్రాన వ్యవస్థాపకుడు కాడు.

ఇక చీలిక. రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన శాఖలను పునర్వ్యవస్థీకరించినప్పుడు 12వది క్లినికల్ (మానసిక రుగ్మతల చికిత్స), 17వది మార్గదర్శక రంగం, అంటే తర్వాతి కౌన్సెలింగ్ సైకాలజీ శాఖ. రెండూ మొదటి జాబితాలోనే ఉన్నాయి. గాయపడి తిరిగొచ్చిన సైనికులకు మనోధైర్యమూ ఉద్యోగమూ రెండూ కావాలి. ఉద్యోగ సలహాదారులకు మొదటిది చేతకాదు. అందుకే 1951లో నార్త్‌వెస్టర్న్ సమావేశం డాక్టరేట్ స్థాయి శిక్షణకు ప్రమాణాలు రాసింది, మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ మాజీ సైనికుల సంస్థ కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ ఉద్యోగాలను ఏర్పరచింది. 1955లో మనస్తత్వవేత్త డొనాల్డ్ సూపర్ తేడా తేల్చాడు: క్లినికల్ వాళ్లు మామూలు మనిషిలోనూ లోపం వెతుకుతారు, కౌన్సెలింగ్ వాళ్లు తీవ్రంగా దెబ్బతిన్న మనిషిలోనూ సవ్యంగా పనిచేసే భాగాన్ని వెతుకుతారు. చిన్నాచితకా సమస్యలన్న గిరి ఇందులో లేదు.

బ్రిటన్ కథ వేరు. అక్కడ సైకలాజికల్ సొసైటీలో కౌన్సెలింగ్ విభాగం 1982లో గానీ రాలేదు, 1994లో పూర్తి డివిజన్ అయింది. ఉద్యోగ సలహా కన్నా నిర్ణయాన్ని వచ్చినవాడికే వదిలే రోజర్స్ తరహా మానవతావాద చికిత్స ప్రభావమే దానిపై ఎక్కువ. రోజర్స్‌తోనే అంతా మొదలైందన్న మాటకు కాస్తో కూస్తో ఊతం దొరికేది అక్కడే.