సవరణ: ఆ నారింజ పూత తుప్పూ కాదు, నాచూ కాదు

వేల్స్ సముద్రతీరంలో బండల మీది నారింజ రంగు పూత నాచు అనీ, రాతిలోని ఇనుము వల్ల ఆ రంగు వచ్చిందనీ మొన్న రాశాను. రెండూ తప్పే, క్షమించండి. అది కాలోప్లాకా మెరీనా అనే లైకెన్. ఒక శిలీంధ్రం, దాని లోపల కాపురముండే ఆకుపచ్చ శైవలం (ఆల్గే) కలిసి బతికే జీవి. మనం మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. కాకపోతే అది ఆకులా విచ్చుకుంటుంది, ఇది రాతిని అంటిపెట్టుకునే ఉంటుంది.

భూతద్దంతో చూస్తే గరుకు పలుకుల మధ్య ఆవగింజకన్నా చిన్న నారింజ బిళ్లలు కనిపిస్తాయి. శిలీంధ్ర బీజాలు తయారయ్యేది అక్కడే. ఆ రంగు పారియెటిన్ అనే పదార్థానిది, ఎండ తీవ్రత నుంచి శైవలాన్ని కాపాడుతుంది. దాని మీద ఒక్క చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే ఊదా రంగుకు తిరుగుతుంది. తుప్పు అలా మారదు.

బండల మీద ఈ నారింజ పూతకు దిగువన, నీటి వైపు ఉండే నల్లటి పట్టీని చూసి చమురు మరక అనుకోకండి. చాలాచోట్ల అదీ లైకెనే.