సూడో లేకపోతే ఈఎస్ఎమ్‌వాల్‌టూల్ పెట్టుకోలేమా?

తిరుపతిలో వాతావరణం మీద రీసెర్చ్ చేసే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సూపర్‌కంప్యూటర్‌లో ఈఎస్ఎమ్‌వాల్‌టూల్ పెట్టాలంటే సూడో ఉండాల్సిందే. లేదంటే ల్యాప్‌టాప్‌లోని కోండా ఫోల్డర్‌ని అలాగే కాపీ చేసేయండి. తర్వాత ఎన్ని నోడ్లు అడిగితే అంత స్పీడు." ఈఎస్ఎమ్‌వాల్‌టూల్ అంటే క్లైమేట్ మోడళ్ల లెక్కలను అసలు కొలతలతో పోల్చి చూపే టూల్. సూడో అంటే అడ్మిన్ స్థాయి అధికారం, కోండా అంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రామ్, నోడ్ అంటే సూపర్‌కంప్యూటర్‌లోని ఒక్కో కంప్యూటర్. నిన్న మా జూనియర్ ఒకడు ఆ మెసేజ్‌నే పంపి "అన్నా, అడ్మిన్‌కి మెయిల్ పెట్టనా?" అన్నాడు. వద్దురా నాయనా.

సూడో సంగతి ముందు. మినీఫోర్జ్ అనే ఇన్‌స్టాలర్ దించుకుంటే కోండా మొత్తం మన ఫోల్డర్‌లోనే కూర్చుంటుంది, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ప్యాకేజీలు కోండా-ఫోర్జ్ ఛానల్ (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ గోదాము) నుంచే తెచ్చుకోండి. అనకొండా కంపెనీ సొంత ఛానల్‌కి 2020 నుంచి 200 మంది దాటిన సంస్థల విషయంలో లైసెన్స్ పేచీ ఉంది. అడ్మిన్‌ని అడగాల్సింది మన డిస్క్ కోటా గురించి. ఒక్క ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక పనికి కావాల్సిన ప్యాకేజీలన్నీ కోండా పెట్టే ఫోల్డర్) చిన్న చిన్న ఫైళ్లు లక్ష దాకా పోవచ్చు. చాలా మెషీన్లలో కోటా జీబీలకే కాదు, ఫైళ్ల సంఖ్యకీ ఉంటుంది. సగం స్థలం ఖాళీగా కనిపిస్తూనే "కోటా దాటింది" అంటుంది, మనం తల పట్టుకుంటాం. హోమ్ ఫోల్డర్ వదిలేసి ప్రాజెక్ట్ స్థలంలో పెట్టండి, ప్యాకేజీల క్యాష్‌ని కూడా అక్కడికే మళ్లించండి. స్క్రాచ్ (తాత్కాలిక ఫైళ్ల స్థలం) మాత్రం వద్దు. కొన్ని వారాలు ముట్టని ఫైళ్లను చాలాచోట్ల ఊడ్చేస్తారు.

ఫోల్డర్ కాపీ అసలు పని చేయదు. విండోస్‌లో పెట్టింది లైనక్స్‌లో నడవదు. లైనక్స్ నుంచి లైనక్స్‌కే అయినా, పాత ఫోల్డర్ దారి లోపలి స్క్రిప్టుల్లో రాసిపెట్టి ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్‌ని వేరే చోటికి మార్చడానికి మూటకట్టే కోండా-ప్యాక్ వాడాలి, లేదా అన్నీ ఒకే ఫైల్లో సర్దే కంటైనర్ చేసుకోవాలి. ఇంకోటి, అలవాటుగా సూపర్‌కంప్యూటర్‌లో ముందే ఉన్న నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటా ఫైళ్లు చదివే లైబ్రరీ) మాడ్యూల్ లోడ్ చేసి ఆపైన కోండా ఆన్ చేయకండి. రెండు లైబ్రరీలు కొట్టుకుంటాయి.

నోడ్ల లెక్క చూస్తే నవ్వొస్తుంది. మామూలు సెట్టింగులతో ఈ టూల్ ఒక్క నోడ్ మీదే నడుస్తుంది. పనిని చాలా నోడ్లకి పంచే డాస్క్ క్లస్టర్ వేరుగా అమర్చకుండా నాలుగు అడిగితే మూడు ఊరికే కూర్చుంటాయి. పైగా క్యూ సర్వదర్శనం లైనంత అవుతుంది. జాబ్ చచ్చిపోతే ఎక్కువసార్లు కారణం మెమరీ. ఒకేసారి నడిచే టాస్కులు తగ్గించి చూడండి.

మెసేజ్‌లో లేనిది, నన్ను బాగా ఏడిపించింది ఒకటుంది. మన ఈశాన్య రుతుపవనాల వానను మోడళ్లు ఎలా చూపిస్తున్నాయో చూద్దామని రాత్రి జాబ్ వేసి పడుకున్నా. పొద్దున లేచి లాగ్ తెరిస్తే లెక్కలన్నీ అయిపోయాయి, మ్యాప్ గీసే దగ్గర ఆగిపోయింది. మ్యాపులు గీసే కార్టోపై లైబ్రరీ మొదటిసారి తీరరేఖల ఫైళ్లను నెట్ నుంచి దించుకుంటుంది. జాబులు నడిచే మా కంప్యూట్ నోడ్లకి నెట్ లేదు, మనం లాగిన్ అయ్యే లాగిన్ నోడ్‌కి ఉంది. లాగిన్ నోడ్ మీద బరువైన పని చేయకూడదు కానీ, ఒక ఉత్త మ్యాప్ గీస్తే ఎవరూ ఏమీ అనరు. గీశాను. ఫైళ్లు హోమ్‌లోకి దిగాయి. అదే జాబ్ మళ్లీ వేస్తే ఈసారి మ్యాప్ వచ్చింది, బంగాళాఖాతం అంచుతో సహా.