మఠానికి గొడ్లు చేయని కీడు

పాత మఠాలు గొడ్లచావిళ్లయిపోయాయని కన్నీళ్లు పెట్టుకునే వారసత్వ ప్రేమికులకు ఒక మనవి. ఆ కన్నీళ్లు కాస్త దాచుకోండి, ముందుముందు పనికొస్తాయి.

స్పెయిన్‌లో సెగోవియా దగ్గర సక్రమేనియా మఠం ఉంది. 1133లో మొదలెట్టి 1141కి కట్టేశారు. సిస్టర్షియన్ అనే క్యాథలిక్ శాఖ సన్యాసులు దాదాపు 700 ఏళ్లు అక్కడ జపం చేసుకున్నారు. ఆ కాలం గురించి ఇక్కడ చెప్పుకోవడానికేమీ లేదు. 1830ల్లో సర్కారు మఠాల ఆస్తులు గుంజుకుని అమ్మేసింది. కొన్నవాళ్లు అందులో ధాన్యం పోశారు, పశువుల్ని కట్టేశారు. ఘోరమే. కానీ పశువులు గడ్డి తిన్నాయి గానీ కమానుల జోలికి పోలేదు.

ఆ జోలికి పోయింది కళాభిమాని. 1925లో అమెరికా పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ ముచ్చటపడి, చర్చిని అక్కడే వదిలేసి, ముంగిలి చుట్టూ తిరిగే కమానుల వసారాను, దాని పక్క కట్టడాలను కొన్నాడు. రాయి రాయి ఊడదీయించి, దెబ్బ తగలకుండా ఎండుగడ్డి పొదిగించి, సుమారు 11,000 చెక్కపెట్టెల్లో సర్దించాడు. పెట్టెలకు నంబర్లు వేయించాడు. ఎంత ముందుచూపో!

ఆ రోజుల్లో సెగోవియా పశువులకు గాలికుంటు. గడ్డితో రోగం దిగుతుందని అమెరికా వ్యవసాయ శాఖ సరుకును ఆపేసింది. పెట్టెలు తెరిచారు, గడ్డి తగలబెట్టారు, రాళ్లను మళ్లీ సర్దేశారు. ఏ రాయి ఏ పెట్టెలోదో మాత్రం చూడలేదు. మఠంలో ఉన్నన్నాళ్లూ ఏ హానీ చేయని గడ్డి, పెట్టెలోకెక్కగానే కొంప ముంచింది. గోడరాయైతే ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. కమాను రాయి పైన వెడల్పు, కింద సన్నం. పక్కరాయి వాలు చూసి చెక్కింది. వేరేచోట పెడితే సందు వదులుతుంది, లేదా వంపు చెడుతుంది.

ఈలోగా హెర్స్ట్‌కు డబ్బు కటకట. పెట్టెలు బ్రూక్లిన్ గోదాములో 26 ఏళ్లు మగ్గాయి. 1952లో, ఆయన పోయిన మరుసటేడు, ఇద్దరు వ్యాపారులు వాటిని కొన్నారు. మయామీకి ఉత్తరాన, టిక్కెట్టు పెట్టి చూపించాలని. కూర్చడానికి 19 నెలలు, దాదాపు 15 లక్షల డాలర్లు పట్టాయి. అంతా అయ్యాక కూడా కొన్ని రాళ్లకు చోటు దొరకలేదు. కొన్ని తర్వాత అక్కడ వెలసిన చర్చి హాలు గోడల్లోకి పోయాయి, కొన్ని పెరట్లో పడున్నాయి.

1964లో ఎపిస్కోపల్ చర్చి అనే అమెరికా క్రైస్తవ సంస్థ దాన్ని కొంది. ఇప్పుడక్కడ ప్రార్థనలు జరుగుతాయి, టిక్కెట్టు మీద సందర్శన ఉంటుంది, పెళ్లిళ్లకు అద్దెకూ ఇస్తారు. పెళ్లే వద్దనుకున్నవాళ్ల వసారాలో దండలు మార్చుకోవడం ముచ్చటైన విషయమే.

మఠం అసలు చర్చి మాత్రం ఇంకా సక్రమేనియాలోనే ఉంది. కాబట్టి మనవాళ్లెవరైనా మఠం మొత్తం చూడాలంటే రెండు వీసాలు కావాలి: ఒకటి స్పెయిన్ వెళ్లడానికి షెంగెన్ వీసా, ఇంకోటి అమెరికాది.