దేవుడి దయ, షుగరు దయ

(కడపలో ఒక ఇల్లు. లక్ష్మమ్మ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు ఈశ్వరి ప్రొద్దుటూరు నుంచి దిగింది, కొంత చాకిరీకి, కొంత తిట్టడానికి.)

లక్ష్మమ్మ: పుండు ఎండిపోయిందే. ఇంక ఈ మాత్రలు చాలు.

ఈశ్వరి: పైన ఎండితే లోపల ఎముకకు పట్టిన చీము పోయినట్టేనా? డాక్టరు ఆరు వారాలన్నాడు. ఇది మూడోదే.

లక్ష్మమ్మ: ఇన్ని మాత్రలు మింగితే కడుపులో అన్నానికి చోటేదీ?

ఈశ్వరి: ఓలిగలకు మాత్రం ఉంటుంది! ఉగాది నాడు ఎన్ని లాగించావో నాకు తెలుసు.

లక్ష్మమ్మ: ఉగాది నాడు ఏం చేశానో అది చెప్పు. దేవుని కడపలో మిట్టమధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు చేశా. పూజకొచ్చిన ముస్లిం ఆడవాళ్ళు పాపం కాళ్ళు కాలి గెంతుతున్నారు. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. అంతా స్వామి దయ.

ఈశ్వరి: స్వామి దయ కాదక్కా, షుగరు దయ! నరాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు. బొబ్బ లేచి పగిలితే దాని మీద కాఫీపొడి అద్దావు.

లక్ష్మమ్మ: మన నాయన అదే పెట్టేవాడు.

ఈశ్వరి: నాయనకు షుగరు లేదు.

లక్ష్మమ్మ: మొదట ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదే!

ఈశ్వరి: మొదటి రెండు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చంట. డాక్టరు సన్న కడ్డీ పుండులోకి దించితే ఎముకకు టక్కున తగిలింది. ఆయన మొహం అప్పుడే మారింది. ఎమ్మారై స్కాను ఆ తర్వాతే.

లక్ష్మమ్మ: అప్పుడూ నాకు నొప్పి లేదు.

ఈశ్వరి: మళ్ళీ గొప్పలు!

లక్ష్మమ్మ: మాత్రలుండగా ఎముక గీకడమెందుకంట? పుత్తూరు కట్టు కట్టించుకున్నా పోయేది.

ఈశ్వరి: అది విరిగిన ఎముకకు. నీది చీము పట్టిన ఎముక. మందు రక్తంలోనే కదా పోవాలి? మన వీధి చివరిళ్ళకు కుళాయి నీళ్ళు పోనట్టు, చచ్చిన ఎముకకు రక్తం పోదు. అందుకే తీసేశారు. ఆ ముక్కను ల్యాబుకు పంపితే స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఉందని తేలింది. ఏ మందుకు చస్తుందో చూసే ఇచ్చారు.

లక్ష్మమ్మ: స్టెఫై... ఏ ఊరిదే అది?

ఈశ్వరి: చాలామంది ముక్కులో, చర్మం మీద ఊరికే కాపురముంటుంది. పుండు దొరికితే లోపలికి పోతుంది. పిల్లకాయలకైతే పుండు లేకున్నా రక్తంలోంచే ఎముకకు చేరుతుందంట. ఇకమీద ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగొద్దు. ఆనెలకు బ్లేడు పెట్టావంటే చూడు! రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకో.

లక్ష్మమ్మ: అద్దమా! మొహం చూసుకోవడమే మానేశా.

ఈశ్వరి: మొహం ఎట్లున్నా పర్వాలేదు, డాక్టరు అడిగింది పాదాన్ని.

లక్ష్మమ్మ: నువ్వు తెచ్చిన ఆ మెత్త చెప్పులు గుడి ముందు వదిలితే దొంగ కూడా ముట్టుకోడు.

ఈశ్వరి: రెండు జతలు కొన్నా. ఒకటి ఇంట్లోకి.

లక్ష్మమ్మ: డబ్బులెవరివి?

ఈశ్వరి: నీ దిండు కిందివి.

లక్ష్మమ్మ: (లేవబోతూ) ఏమే!

ఈశ్వరి: కాలు దించొద్దు!